మలుపు దగ్గర లేని మెలిక

గ్రాదిమిర్ చచ్చిపోయేముందు బురెక్ సగమే తిన్నాడు.

సెర్బియాలోని నిష్ నగరంలో, పాత కోటకు ఎదురుగా ఉన్న బురెక్ కొట్టు అది. పొద్దున పూట నిలబడడానికి చోటుండదు. ముసలాయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, మాంసం పెట్టి కాల్చిన ఆ పొరల రొట్టెను చేత్తో తుంచి తింటూ, మధ్యమధ్య పెరుగు గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగుతున్నాడు. వీధి అవతల ఆగిన కారులోంచి రోసాందా అతన్నే చూస్తోంది. గ్లాసు బోర్లిస్తే లోపలికి రమ్మని గుర్తు. అంతవరకు దగ్గరికి పోకూడదని గూఢచారి విభాగం ఆర్డరు.

ముసలాయన గ్లాసు బోర్లించలేదు. బూడిదరంగు కోటువాడొకడు డబ్బులు కట్టడానికి పోతున్నట్టు ఆ బల్లను రాసుకుంటూ వెళ్లాడు. చప్పుడేమీ రాలేదు. గ్రాదిమిర్ తల వెనక్కి వాలింది, చేతిలో గ్లాసులోని పెరుగు నేలమీద చిందింది, మెడలోంచి చిమ్మిన రక్తం కిటికీ అద్దాన్ని కప్పేసింది.

"నువ్వు ముసలాయన్ని చూడు, వాడి సంగతి నాకొదిలెయ్," అంటూ డ్రైవరు సీట్లోంచి వెసెలిన్ దూకి పరిగెత్తాడు.

రోసాందా వెళ్లేసరికి ముసలాయన ఇంకా పోలేదు. మాట్లాడబోతే నోటినిండా రక్తం బుడగలు. కుడిచేత్తో తన కోటు లోపలి జేబు మీద తట్టాడు, ఇంకోసారి తట్టాడు, ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె జేబులో చెయ్యి పెట్టబోతోంది, ఇంతలో పక్క బల్ల దగ్గర టిఫిను తింటున్న పోలీసు లేచి ఆమె నుదుటికి పిస్తోలు పెట్టాడు. మూతికంటిన నూనె తుడుచుకోలేదు కాని, గురి మాత్రం కుదిరింది. తాను ఫలానా అని చెప్పుకునే ఉద్యోగం కాదు ఆమెది. నోరు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడింది. అంబులెన్సు వచ్చింది, శవాన్ని ఎత్తుకుపోయింది. సాక్షివి, మళ్లీ పిలుస్తాం, పో అన్నారు.

వెసెలిన్ వచ్చేశాడు. జుట్టు కూడా చెదరలేదు. వాడి జుట్టు ఎప్పుడూ చెదరదు, మెడలో పట్టు స్కార్ఫూ జారదు. విభాగంలో ఆడవాళ్లందరూ వాడు నడుస్తుంటే ఫైళ్లు పక్కన పెట్టి చూసేవాళ్లు. రోసాందా అయితే నాలుగేళ్లపాటు మరీ దగ్గర్నుంచి చూసింది.

"కూరగాయల మార్కెట్లో కలిసిపోయాడు," అన్నాడు.

ఫోను మోగింది. కర్నల్ జివోతా. ఆమె పై అధికారి.

"రోసా, చెప్పేది విను, మధ్యలో మాట్లాడకు. నిన్న గ్రాదిమిర్ నాకు ఫోన్ చేశాడు. కందిరీగ యుద్ధవిమానంలో బిగించిన సర్క్యూట్ బోర్డు తను గీసింది కాదన్నాడు. ఫ్యాక్టరీలోంచి అలాంటి ఖాళీ బోర్డు ఒకటి ఎత్తుకొచ్చానన్నాడు. మిగతాది నీకే, అదీ ఎదురుగా చెబుతానన్నాడు. నువ్వు వాడి దగ్గర పని నేర్చుకున్నదానివి కదా."

"ఇవాళ్టి కందిరీగ ప్రదర్శన ఆపించండి కర్నల్ గారూ."

"జనరల్‌ని బతిమాలాను. విదేశాల నుంచి కొనేవాళ్లు వచ్చి గొడుగుల కింద కూర్చున్నారు, ఒక పిచ్చి ముసలాడి ఫోనుకి ఆపుతానా అన్నాడు. రుజువు కావాలట. ఇది దర్జీల పని అని నా నమ్మకం."

దర్జీలంటే సముద్రం అవతల ఉండి ఆయుధాలమ్మే ముఠా. మనిషిని చూసి, కొలతలు తీసుకుని, వాడికి సరిపోయే చావు కుట్టి పంపిస్తారని విభాగంలో ఆ పేరు పెట్టారు. కందిరీగ జనం ముందు కూలిపోతే కొనేవాళ్లు చచ్చినట్టు దర్జీల దగ్గరికే పోతారు.

"పైలట్ ఎవరో నీకు చెప్పక్కర్లేదు," అన్నాడు కర్నల్.

చెప్పక్కర్లేదు. పైలట్ ల్యూబిషా. రోసాందా తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడు పాలపళ్లవాడు. ముక్కు తుడిచి, జోళ్లు తొడిగి, లెక్కలు రాకపోతే వీపు విమానం మోత మోగించి పెంచింది తనే. వాడు లేకపోతే ఆమెకు ఇంకెవరూ లేరు.

"రన్‌వే గేటు దగ్గర అందరి ఫోన్లూ లాగేసుకుంటున్నారు, నాది కూడా. ఇక నువ్వే రావాలి, చేత్తో ఆ బోర్డు పట్టుకుని. మధ్యాహ్నం ఎగురుతున్నాడు," అని పెట్టేశాడు కర్నల్.

*

పెద్దాసుపత్రి వెనక శవాల గదిలోకి నల్ల తలగుడ్డ, నల్ల శాలువా, మందపాటి మేజోళ్లతో ఒక పల్లెటూరి ఆడది వచ్చింది. వస్తూనే గ్రాదిమిర్ శవం మీద పడి శోకాలు మొదలుపెట్టింది.

"ఓ నా అన్నయ్యా, ఎవరికి ఒదిలిపెట్టి పోయావయ్యా. ప్లమ్ చెట్లు కాయలు రాలుస్తున్నాయి, ఏరేవాడేడయ్యా. బట్టీ చల్లారిపోయింది, రకియా సారా కాచేవాడేడయ్యా..."

దక్షిణ సెర్బియాలో ఏడుస్తున్న ఆడదాన్ని ఆపిన మగాడు లేడు. రాజైనా సరే టోపీ తీసి పక్కకు జరగాల్సిందే. గది కాపలావాడు కాసేపు నేల చూశాడు, కాసేపు గోడ చూశాడు.

"ఏడువమ్మా, ఏడువు. నేనలా బయట సిగరెట్ కాల్చుకొస్తా," అని తప్పుకున్నాడు.

శోకం ఆపకుండానే రోసాందా కోటు విప్పి లోపలి జేబు కుట్టు చింపింది. అరచేయంత ఆకుపచ్చ బోర్డు, అంచున రక్తం. దాన్ని శాలువా కింద దోపుకుంటుండగా వెనక తలుపు తెరుచుకుంది.

"అమ్మా, కొంచెం పక్కకు జరుగు. డాక్టరు పరీక్ష ఉంది."

తల ఎత్తకుండానే చూసింది. తెల్లకోటు. బాగానే ఉంది. కింద బూట్ల మీద ఎండిపోయిన పెరుగు చుక్కలు. అది బాగాలేదు.

"అన్నయ్యా, నిన్ను చంపినోడు నీ పక్కకే వచ్చాడయ్యా," అని రాగం తీస్తూనే ఆమె పక్కనున్న స్టీలు పళ్లెం తిప్పి కొట్టింది. వాడి ముక్కు నుజ్జయిపోయింది. వాడి పిస్తోలు నేలమీద జారిపోయింది. వాడూ కొట్లాటలో ఆరితేరినవాడే. పడుతూ పడుతూ ఆమె కాలు లాగి కింద పడేసి గొంతు మీద మోకాలు పెట్టాడు. ఆమె కళ్లకు చీకట్లు కమ్మాయి. చేతికి తగిలింది శవాలు పెట్టే లాగుడు అర పిడి. శక్తికొద్దీ లాగింది. ఇనుప అర లోపలి శవం బరువుతో సహా దూసుకొచ్చి వాడి కణతకు తగిలింది. వాడు ఒరిగాడు. ఆమె లేచి, వాడి తల అర సందులో ఇరికించి, కాలితో అర మూసింది. ఒకసారి సరిపోలేదు. రెండోసారి ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

"ఇంకా ఏడుస్తున్నావామ్మా?" అని బయటినుంచి కాపలావాడు అడిగాడు.

"ఇంకొంచెం ఉందన్నా," అంది రోసాందా, గొంతు సవరించుకుంటూ.

హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి అడుగు తిప్పింది. విభాగం వాళ్లు అందులో భూతద్దం పెట్టి ఇచ్చారు. బోర్డు లైటు కింద పెట్టి ఒంగింది.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే చోట రాగి గీతలు జంటగా నడుస్తాయి, కాడి కట్టిన ఎడ్లలాగ. ఒకదాని మీద ఏ సంకేతం పోతే రెండోదాని మీద దానికి తలకిందులుది పోతుంది. రెండూ సరిసమానంగా నడిస్తే వాటి గోల ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది, పక్కవాటికి వినబడదు. మలుపు వచ్చిందంటే బయటి గీత పొడవు పెరుగుతుంది. అప్పుడు లోపలి గీతకు చిన్న చిన్న పాము మెలికలు వేసి పొడవు సరిచేస్తారు. ఆ మెలికలు ఎక్కడ వేయాలన్నదే గ్రాదిమిర్ ఆఫీసులో మొదటి పాఠం. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే, మలుపు పక్కనే వేయాలి. ఇంకెక్కడ వేసినా ముసలాయన స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు.

ఈ బోర్డులో మలుపు దగ్గర మెలిక లేదు. బోర్డు చివర, దాదాపు గమ్యం చేరాక వేసి ఉంది. కంప్యూటరు మొత్తం పొడవు కొలిచి, అంతా బాగానే ఉందని పచ్చలైటు వెలిగిస్తుంది. కాని మలుపునుంచి చివరిదాకా ఆ రెండు గీతలూ ఒకటి ముందు, ఒకటి వెనక. ఆ దారి పొడుగునా గోల పక్కనున్న గీత మీద పడుతుంది. పక్కనున్నది పైలట్ విమానాన్ని తిప్పే చేతికర్ర గీత. మామూలు వేగంలో ఏమీ కాదు. నేలకు దగ్గరగా ఎగిరే మీట నొక్కినప్పుడే ఆ కంప్యూటర్లు పూర్తి వేగంతో మాట్లాడుకుంటాయని ల్యూబిషా భోజనాల దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోలేదు. ఆ వేగంలో గోల పెరిగి చేతికర్ర మాట విమానానికి వినబడదు. చెట్ల ఎత్తులో.

ఆమె మెలికల దగ్గరే ఆగిపోయింది. గ్రాదిమిర్ గీత వడ్రంగి గీత, మూలలన్నీ చెక్కినట్టుంటాయి. ఇవి గుండ్రంగా ఉన్నాయి. ఒక్కో వంపూ ముందుదానికంటే రవ్వంత పెద్దది. గీతలు గీసేవాళ్లలో అలా వేసేవాణ్ణి ఒక్కణ్ణే చూసిందామె. విభాగంలోకి రాకముందు అదే ఆఫీసులో ఆమె పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి. లోపలి పొరలో ఎవరు చూస్తారురా అంటే, అందానికి ఎవరో చూడాలా రోసా అనేవాడు. వేషాలు మార్చాడు, పేర్లు మార్చాడు, ఆ సోకు మాత్రం మార్చుకోలేకపోయాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ ఇప్పుడు బయట కారులో ఇంజను ఆపకుండా ఆమెకోసమే కాచుకుని ఉన్నాడు.

శవాల గది ఫోనునుంచి రన్‌వే ఆఫీసుకు చేసింది. ప్రదర్శన అయ్యేవరకు లైన్లు బంద్ అని రికార్డు చేసిన గొంతు చెప్పింది. పిస్తోలు కోసం చూస్తే అది మందుల బీరువా కిందికెక్కడికో పోయింది, వెతికే వ్యవధి లేదు. కాపలావాడి అడుగులు వినిపిస్తున్నాయి. ఇంకో కారు దొరికేలోపు ల్యూబిషా గాల్లో ఉంటాడు. రోసాందా చెంపమీద రక్తం తుడుచుకుని, వెళ్లి వెసెలిన్ పక్కన కూర్చుంది.

*

"దొరికిందా?"

"జేబులు ఖాళీ. ఎవడో ముందే వచ్చి పోయాడు. రన్‌వేకి పోనీ, కర్నల్‌కైనా చెబుదాం."

"చెవి మీద ఆ రక్తమేమిటి?"

"ముసలాయనదే."

వెసెలిన్ తలూపి బండి పోనిచ్చాడు. కారు ఊరు దాటింది. రెండువైపులా మిరప చేలు, అక్కడక్కడ పొయ్యిలు పెట్టి మిరపకాయలు కాలుస్తున్న ఆడవాళ్లు. రన్‌వే గోపురం కనబడుతుండగా ద్రాక్షతోటల వైపు తిప్పాడు.

"దారి ఇటు కాదు," అంది.

"తెలుసు." ఎడమచేత్తో స్టీరింగు, కుడిచేత్తో పిస్తోలు. దాని మూతి ఆమె పక్కటెముకలకు ఆనింది. "శాలువా కింద పెట్టావు కదూ. నువ్వు ఏదైనా దాస్తే ఎడమ భుజం ముందుకొస్తుంది రోసా. నాలుగేళ్లు పక్కన పడుకున్నవాడికి ఆ మాత్రం తెలీదా?"

"ముసలాయన నీకు అన్నం పెట్టాడు కదరా."

"పెట్టాడు. వేళ్ల మీద స్కేలుతో కొట్టాడు కూడా. నాకు సముద్రం కనబడే ఇల్లు కావాలి. కాల్చిన మిరపకాయల కంపు లేని ఊళ్లో."

"ఆ విమానంలో నా తమ్ముడు ల్యూబా ఉన్నాడు."

"ఉన్నాడు మరి. నువ్వు పెళ్లికి ఒప్పుకుని ఉంటే నాకు బావమరిది అయ్యేవాడు. కాస్త ఆలోచించేవాణ్ణి."

ఆ మాటకు ఆమెకు ఒళ్లు భగ్గున మండింది. భయం ఎటు పోయిందో పోయింది. చేతికి తగిలిన లైటరు తీసి వాడి మొహానికి గురిపెట్టి మీట నొక్కింది. అది విభాగం వాళ్లిచ్చిన లైటరే, లోపల ఒక్క గుండు ఉంటుంది.

క్లిక్‌మంది. అంతే.

వెసెలిన్ నవ్వాడు. "పొద్దున నువ్వు బట్టలు మార్చుకుంటుంటే గుండు తీసేశాను. నేనూ అదే విభాగం కదే పిచ్చిదానా."

గుండు తీసేసినా లైటరు లైటరే. ఆమె రెండోసారి నొక్కి వాడి పట్టు స్కార్ఫుకు అంటించింది. వాడి మెడ చుట్టూ మంట లేచింది. వాడు అరిచాడు, పిస్తోలు పేలింది, ఆమె తొడలోంచి ఒక గుండు దూసుకుపోయింది. కారు అడ్డం తిరిగి, మిరపకాయల ట్రాలీ లాక్కుపోతున్న ట్రాక్టరు వెనక భాగాన్ని గుద్దుకుంది.

అద్దం బద్దలై ఇద్దరూ మిరపకాయల మీద పడ్డారు. వాడి జుట్టు మొదటిసారి చెదిరింది. సగం కాలిపోయింది కూడా. ఒక కన్ను తెరుచుకోవడం లేదు, రెండో కంటితో పిస్తోలు వెతుక్కుంటూ పాకుతున్నాడు. ఆమెకు ముందు దొరికింది.

"నన్ను కాల్చలేవు రోసా," అన్నాడు. పాత గొంతు, రాత్రిళ్లు పిలిచే గొంతు.

వాణ్ణి ఎంత ప్రేమించిందో ఆ క్షణాన గుర్తుకు రాకపోలేదు. గుర్తొచ్చాక కాల్చింది. ఒకటి గుండెలో, ఇంకొకటి, ముసలాయన కోసం, మెడలో.

ట్రాక్టరు రైతు టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"మీ ఆయనా అమ్మా?"

"కాబోయి తప్పించుకున్నాడు," అంది. "ట్రాలీ ఊడదియ్యి పెద్దాయనా. ట్రాక్టరు కావాలి."

అప్పటికే గాల్లో కందిరీగ తిరుగుతోంది.

*

చేల మధ్యలోంచి ట్రాక్టరు రన్‌వే కంచె తెంచుకుని లోపలికి దూసుకుపోయింది. సెంట్రీలు అరిచారు, కాల్చారు. ఒక గుండు ట్రాక్టరు లైటును పగలగొట్టింది, ఒకటి ఆమె భుజంలోంచి దూసుకుపోయింది. గోపురం మీది నుంచి కర్నల్ జివోతా చేతులూపుతూ, "కాల్చకండిరా వెధవల్లారా, మనమ్మాయి," అని గొంతు చించుకున్నాడు.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. కాలు ఈడ్చుకుంటూ, మిరపగింజలూ రక్తమూ ఒంటినిండా పూసుకుని లోపలికొచ్చింది. బోర్డు కర్నల్ చేతిలో పడేసింది.

"మలుపు దగ్గర మెలిక లేదు. కింద ఎగిరే మీట నొక్కితే కర్ర చచ్చిపోతుంది. మైకివ్వండి."

జనరల్ అడ్డం నిలబడ్డాడు. "ఎవరీవిడ? అతిథుల ముందు ఈ వేషమేంటి? మైకు ముట్టుకుంటే..."

మాట పూర్తవలేదు. రోసాందా చేతులు ఖాళీ లేవు, ఒకటి పనిచెయ్యడం లేదు, ఇంకొకటి పిస్తోలు పట్టుకుంది. అందుకని ఆమె నుదుటితో కొట్టింది. ముక్కు విరిగి జనరల్ కుర్చీలో కూలబడ్డాడు. పిస్తోలు కింద పడేసి మైకు లాక్కుంది.

"ల్యూబా, కింద ఎగిరే మీట నొక్కకు."

"అక్కా? నువ్వు అక్కడేం చేస్తున్నావ్?" రేడియోలో తమ్ముడి గొంతు. "ఇప్పుడే నొక్కా."

రన్‌వే చివర పోప్లర్ చెట్ల వరసవైపు కందిరీగ దిగుతోంది. ముక్కు పైకెత్తాల్సిన చోట ఎత్తలేదు.

"అక్కా, కర్ర మాట వినట్లేదు." గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

"వినదు. ఎడమ మోకాలి పక్కన ఎర్ర ఫ్యూజు ఉందని నువ్వే చెప్పావు, రెండో కంప్యూటర్‌ది. లాగెయ్."

"అది లాగకూడదు, ట్రైనింగ్‌లో..."

"ట్రైనింగ్ నీ తలకాయ. అవి రెండూ మాట్లాడుకుంటేనే గోల. ఒకటి చస్తే రెండోది నోరు మూసుకుంటుంది. లాగరా."

"లాగితే మొత్తం ఆగిపోతే?"

"ఆగిపోతే వచ్చి నన్ను తిట్టు. లాగు."

కందిరీగ చెట్ల వెనక్కి దిగిపోయింది. కనబడలేదు. రోసాందా కళ్లు మూసుకోలేదు, మూసుకునే ధైర్యం లేదు. నువ్వు నాకు మిగలరా, ఇంకేమీ ఒద్దు అని లోపల గొణుక్కుంది.

అప్పుడు పోప్లర్ కొమ్మలు గాల్లోకి ఎగిరాయి. వాటి మధ్యలోంచి, పొట్టకు పచ్చటి ఆకులు అంటించుకుని, ఇంజను చెవులు బద్దలు కొడుతూ కందిరీగ నిటారుగా పైకి లేచింది. అతిథుల గొడుగులన్నీ ఆ గాలికి ఎగిరిపోయాయి. ఆమె నేలమీద కూర్చుని, ఇందాక శవాల గదిలో నటించిన ఏడుపు ఇప్పుడు నిజంగా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

ల్యూబిషా దిగాక చక్రం పక్కన ఒంగి పొద్దున తిన్నదంతా కక్కాడు. తర్వాత స్ట్రెచర్ మీదున్న అక్క దగ్గరికి వచ్చి, ఆమె భుజం, ఆమె తొడ, ఆమె మొహం చూశాడు. ఆమె చేతిని తన నుదుటికి ఆనించుకుని చాలాసేపు ఒదల్లేదు.

"వెసెలిన్ ఏడీ?" అన్నాడు చివరికి.

"ఆ బోర్డు మార్చింది వాడే. గ్రాదిమిర్‌ని చంపించిందీ వాడే. మిరపకాయల్లో ఉన్నాడు."

ల్యూబిషా పళ్లు పటపటా కొరికాడు.

కర్నల్ జివోతా రొప్పుతూ వచ్చాడు. వెనకాల ముక్కుకు దూది పెట్టుకుని జనరల్. ఆయన ఆమెవైపు చూడలేదు.

"ల్యూబిషా, ఒక చిక్కొచ్చింది," అన్నాడు కర్నల్. "కొనేవాళ్లకి ఆ చెట్ల విన్యాసం తెగ నచ్చిందట. అలాంటిది ఏ విమానమూ చెయ్యగా చూళ్లేదంటున్నారు. ఇంకొక్కసారి చేసి చూపిస్తే ఇక్కడే సంతకం పెడతారట. ఏం చెప్పమంటావు?"

ల్యూబిషా మూతి తుడుచుకుని, సరిచేసిన గొడుగుల కింద చప్పట్లు కొడుతున్న పెద్దమనుషులను తీరిగ్గా చూశాడు.

"తప్పకుండా చూపిస్తానని చెప్పండి కర్నల్ గారూ. వెనక సీటు ఖాళీగానే ఉంది. సంతకం పెట్టేవాణ్ణి అందులో కూర్చోబెట్టండి."